పిడుగుపాటు - ప్రాణరక్షణ

1753 వ సంవత్సరము ఆగస్టు 6 వ తేది. రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ నగరముపై కారుమబ్బులు క్రమ్మెను. భౌతికశాస్త్రాచార్యుడు గేయార్గ్ రిచ్‌మన్ తన యింటికి పరుగెత్తెను. మెఱుపు విద్యుత్తేయని అంతకు ముందటి యేడు ఫ్రాన్సులో ప్రయోగపూర్వకముగా ఋజువయ్యెను. దాని బలమును కొలువదలచి రిచ్‌మన్ ఇంటికప్పుపై ఇనుపకడ్డీ నిలిపి, తీగను గదిలోనికి తెచ్చియుండెను. దానిని భూమితో కలుపలేదు. ఆయన పరికరముపైకి వంగగానే పిడికిలియంత నిప్పుముద్ద నుదుటిని తాకెను. ఆయన కూలిపోయెను.

వైద్యులు వచ్చి నరము కోసిరి, నెత్తురు రాలేదు. ఒడలు రుద్దిరి, ఫలము లేకపోయెను. ఆనాటి వైద్యమునకు తెలిసిన దారి అదియే.

అసలు పిడుగు మనిషి నెట్లు చంపును? కాల్చి చంపుట అరుదు. ఆ దెబ్బకు గుండె, ఊపిరి ఒక్కసారిగా ఆగును. గుండె తఱచుగా తనంతట తానే మరల కొట్టుకొన నారంభించును. మెదడులోని శ్వాసకేంద్రము మాత్రము అంత త్వరగా కోలుకొనదు. ఈలోగా ప్రాణవాయువు అందక గుండె రెండవమారు ఆగును. ఆ నడిమి నిమిషములలో ఎవరైన ఊపిరి పోసినచో మనిషి దక్కవచ్చును.

ఆ ఉపాయము ఇరువదవ శతాబ్దిలో కుదిరినది. నోటితో నోటిలోనికి గాలి ఊదుట మేలైన పద్ధతియని 1950 తరువాతి యేండ్లలో పీటర్ సఫార్ మొదలగువారు నిరూపించిరి. 1960 లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనువారు రొమ్మును చేతులతో అదిమి రక్తమును నడపవచ్చునని ప్రకటించిరి. కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు! విద్యుత్ తీగల పనివారి చావులే ఆయనను ఈ పరిశోధనకు పురికొల్పినవి. అక్కడి హృద్రోగ నిపుణురాలు హెలెన్ టాసిగ్ 1968 లో పిడుగుపాటుకు చచ్చినట్లు కనబడువారు మరల బ్రతుకవచ్చునని వ్రాసెను.

దీనినుండి ఒక వింత నియమము పుట్టినది. ఇతర ప్రమాదములలో పలువురు పడియున్నచో ఊపిరియున్నవారిని ముందు చూతురు. పిడుగుపాటులో అట్లుగాక, కదలక పడియున్నవానినే ముందు చూడవలెను. మూల్గుచున్నవానికి ఊపిరి ఆడుచునేయున్నది. అతడు కొంత ఆగగలడు. పిడుగు తగిలినవాని ఒంటిలో విద్యుత్తు నిలువదు, తాకుటకు భయపడనక్కరలేదు. 108 కు కబురంపి, రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 మారులు గట్టిగా అదుముచు, 30 అదుములకు రెండుమార్లు ఊపిరి ఊదవలెను. సహాయము వచ్చువరకు మానరాదు.

రిచ్‌మన్ చుట్టు చేరినవారికి తెలియని ఈ పని నేడు పొలములోని తోటికూలీ సైతము నేర్వదగినది.