మా ఇజ్జత్, వాళ్ళ వార్త

పేదవాడికి ఆస్తి ఉండదు. ఇజ్జత్ ఒక్కటే ఉంటుంది. పోలీసులు దాన్ని లాఠీతో తీస్తే పత్రికలు శీర్షికతో తీస్తాయి. పత్రికాస్వేచ్ఛ గొప్పదా, మనిషి సొంత బతుకు గోప్యత గొప్పదా అని మేధావులు చర్చిస్తుంటారు. ముస్లిం బస్తీలో నిలబడి చూస్తే మాకు ఆ ప్రశ్న వేరేగా కనిపిస్తుంది. ఎవరి స్వేచ్ఛ? ఎవరి గడప?

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని బందిపోటు కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా అతని మీద హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టివేసింది గానీ, గోప్యత రాజ్యాంగ హక్కు కాదన్నది. అది మనిషి స్వేచ్ఛలో భాగమేనని భిన్నమైన తీర్పు రాసినవాడు మన తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆ మాట గెలవడానికి దాదాపు 55 ఏళ్ళు పట్టింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దాన్ని ఒప్పుకున్నారు.

ఈ మధ్యలో 1994 తీర్పు ఉంది. మరణశిక్ష పడ్డ ఆటో శంకర్ ఆత్మకథను తమిళ పత్రిక 'నక్కీరన్' వేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు. అధికారులతో అతనికున్న సంబంధాలు అందులో ఉన్నాయి మరి. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు స్పష్టమైన గీతలు గీసింది. పరువు పోతుందని ప్రభుత్వం గానీ అధికారులు గానీ ప్రచురణను ముందే ఆపలేరు. కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్నది ఎవరైనా రాయొచ్చు. అది దాటి ఒకరి ఇల్లు, పెళ్ళి, పిల్లల గురించి అనుమతి లేకుండా రాస్తే నష్టపరిహారానికి బాధ్యులవుతారు. అత్యాచారానికో అపహరణకో గురైన స్త్రీ పేరు మాత్రం రికార్డులో ఉన్నా వేయరాదు.

మంచి గీతలే. మా గల్లీల దగ్గరికొచ్చేసరికి చెరిగిపోయాయి. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. చచ్చిందీ మేమే, అనుమానితులమూ మేమే. పదులకొద్దీ మా పిల్లల్ని పట్టుకుపోయారు. పోలీసులు చెప్పిన కథే వార్త అయింది. విలేఖర్ల ముందు పోలీసు చెప్పిన మాట కోర్టు రికార్డు కాదు. ఆ తేడా ఎవరికి పట్టింది? తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులన్నాయి. 2012లో ప్రభుత్వం పరిహారమూ, మంచి నడవడి సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. సర్టిఫికెట్ చూపి ఉద్యోగం అడగొచ్చు. పాత శీర్షిక గుర్తున్న ఇంటి ఓనరుకు ఏం చూపాలి? చెల్లెలికి రిష్తా ఎలా తేవాలి?

అదే మసీదు కేసులో ఆ తర్వాత విచారణ ఎదుర్కొన్న ఐదుగురు హిందువులను 2018లో ఎన్‌ఐఏ కోర్టు విడుదల చేసింది. నమాజుకెళ్ళి చచ్చినవాళ్ళను ఎవరూ చంపనట్టేనా అన్న బాధ మాకుంది. అయినా తీర్పు రాకముందే దోషి అనరాదన్న సూత్రం వాళ్ళకూ వర్తిస్తుంది. మాకొక్కరికే కావాలంటే అది హక్కు కాదు, రాయితీ.

అలాగని పత్రికల నోరు మూయమనడం లేదు. ఎమర్జెన్సీ సెన్సారు ఏం చేసిందో దేశం చూసింది. పాతబస్తీ పసిపిల్లల్ని అరబ్బు షేకులకు కట్టబెట్టే దందా గురించి పత్రికలు రాయడం మంచిదే. 'ఇంటి విషయం' అని దాన్ని కప్పెట్టాలనుకునే మా పెద్దలకు గోప్యత పేరెత్తే అర్హత లేదు. దందా గురించి ఎంతైనా రాయండి. పిల్ల పేరెందుకు? ఫొటో ఎందుకు?

కుర్సీలో ఉన్నవాడి పని మీద ఎంత వెలుగైనా వేయండి. మా ఆడవాళ్ళ పర్దా మీద సంపాదకీయాలు రాసే పత్రికలు, మా గడపకూ ఒక పర్దా ఉంటుందని ఒప్పుకోవాలి. నిర్దోషి అన్న తీర్పును, అరెస్టు వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. మేమడిగే స్వేచ్ఛా ఇదే, గోప్యతా ఇదే.