గ్యారేజీ కథలో మనకు చెప్పని భూమి, చెప్పని చేతులు



పోయిన సెమిస్టర్ నుంచి మన గ్రూపులో తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు. కాలేజీలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ క్లాసు పెట్టారు, స్టార్టప్ అంటున్నారు, ఐడియా పిచ్ అంటున్నారు, ఇందులో మనకేమన్నా ఉందా, లేక ఇది కూడా పైసలున్నోళ్ల ఆటేనా అని. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం మాకు చేతకాదు. అందుకే ఆ క్లాసులో చెప్పే కథ ఎక్కడ పుట్టిందో, దాని వెనక ఎవరెవరున్నారో కొంచెం చరిత్ర రాస్తున్నాం. పోస్టు పెద్దదే. రాత్రి మెస్సులో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

మొదటి రోజే చెప్పేది గ్యారేజీ కథ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, పాలో ఆల్టో ఊరు, అడిసన్ అవెన్యూలో 367 నంబరు ఇల్లు. ఆ ఇంటి వెనక కారు పెట్టుకునే చిన్న షెడ్డు. అందులో బిల్ హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 538 డాలర్లతో పని మొదలుపెట్టి, 1939 జనవరి 1న భాగస్వామ్యం రాసుకున్నారు. అదే ఇవాళ మన ల్యాబుల్లో కనబడే హెచ్‌పీ. ఎవరి పేరు ముందుండాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారని చెప్తారు. కథ అబద్ధమేం కాదు, కానీ సగమే.

ఆ ఇద్దరూ పక్కనే ఉన్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదివి 1934లో పట్టా తీసుకున్నారు. వాళ్లకు రేడియో ఇంజినీరింగ్ చెప్పిన సార్ ఫ్రెడరిక్ టెర్మన్. ప్యాకార్డ్ చదువు అయిపోగానే దేశం ఆ చివర న్యూయార్క్ రాష్ట్రంలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగానికి పోయాడు. నాలుగేళ్లయినాక, 1938లో, టెర్మన్ సారే ఫెలోషిప్ ఇప్పించి వెనక్కి పిలిపించాడు. హ్యూలెట్ తయారుచేసిన ఆడియో ఆసిలేటర్, అంటే రకరకాల స్థాయిల్లో శబ్ద తరంగాలు పుట్టించే పరికరం, ఆ యూనివర్సిటీలో చదువులో భాగంగా చేసిందే. అందులో తెలివంతా ఒక మామూలు చిన్న బల్బులో ఉంది. బల్బు వేడెక్కేకొద్దీ దాని నిరోధకత పెరుగుతుంది కదా, దాన్ని వాడి తరంగం ఎక్కువతక్కువ కాకుండా నిలబెట్టాడు. మనం ఫిజిక్సులో ఒక మార్కు ప్రశ్నగా చదివి వదిలేసే ముక్క అది.

పనిలేని రోజుల్లో ఇల్లు ఎట్లా గడిచిందంటారా? ప్యాకార్డ్ భార్య లూసిల్‌కు స్టాన్‌ఫర్డ్‌లోనే ఆఫీసు ఉద్యోగం ఉంది. ఆమె జీతం వచ్చేది. మరి పెట్టుబడి 538 డాలర్లేనా? సారు ఇచ్చిన ఫెలోషిప్పు, వాడుకోవడానికి ల్యాబు, నెలనెలా వచ్చే భార్య జీతం, ఇవన్నీ లెక్కలో రాయరు. హాస్టల్లో ఉండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందా అని చూసే మనకు మాత్రం మొదట కనబడేది ఆ రాయని లెక్కే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది మాకు బాగా నచ్చింది. వాళ్లు మొదట్లో ఏది దొరికితే అది చేశారు. బౌలింగ్ ఆటలో గీత దాటితే మోగే యంత్రం చేశారు. టెలిస్కోపును తిప్పే మోటారు చేశారు. మూత్రశాలలో దానంతటదే నీళ్లు వదిలే పరికరం కూడా చేశారు. అంటే పెద్ద దూరదృష్టి ఏదో ఉండి మొదలుపెట్టలేదు, చేతిలో విద్య ఉంది, అడిగినోళ్లకు చేసిచ్చారు. తర్వాత డిస్నీ కంపెనీ ఫాంటేసియా సినిమా పని కోసం ఎనిమిది ఆసిలేటర్లు కొన్నది, ఒక్కోటి 71.50 డాలర్లకు. ఎనిమిదీ కలిపితే 572 డాలర్లు. మొదట పెట్టిన డబ్బు కంటే ఎక్కువ, ఒక్క ఆర్డరులో. పిచ్ పోటీలో కప్పు గెలవడానికీ, ఒక్క మనిషి డబ్బులిచ్చి కొనడానికీ ఎంత తేడా ఉందో ఈ లెక్కలో చూడండి.

ఇప్పుడు భూమి దగ్గరికొద్దాం. మా ఉద్దేశంలో అసలు కథ ఇక్కడుంది.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి 8 వేల ఎకరాలకు పైగా భూమి ఉంది. ఇచ్చినవాడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్, రైల్వేలతో కోట్లు సంపాదించిన షావుకారు, 1862-63లో కాలిఫోర్నియా గవర్నరు. పదిహేనేళ్ల కొడుకు 1884లో టైఫాయిడ్‌తో చనిపోతే, వాడి పేరు మీద 1885లో దస్తావేజు రాసి యూనివర్సిటీ పెట్టించాడు. ఆ నేల అంతకు ముందు ఎవరిది? మువెక్మా ఓలోనీ అనే ఆదివాసులది. ఈ మాట ఇవాళ ఆ యూనివర్సిటీయే ఒప్పుకుంటుంది. 1846లో కాలిఫోర్నియాలో దాదాపు లక్షన్నర మంది ఆదివాసులు ఉన్నారని, 1870ల మొదట్లోకి వచ్చేసరికి సుమారు 30 వేలకు పడిపోయారని చరిత్రకారులు లెక్క కట్టారు. రోగాలు, ఆకలి, వెట్టి మాత్రమే కాదు, ప్రభుత్వ డబ్బుతో నడిచిన దాడుల్లో కూడా చచ్చిపోయారు. ఆ దాడుల ఖర్చుకు డబ్బు మంజూరు చేసే చట్టం మీద గవర్నరుగా స్టాన్‌ఫర్డ్ కూడా సంతకం పెట్టాడు. మువెక్మా వాళ్లను 1927లో ప్రభుత్వం గుర్తింపు జాబితాలోంచి తీసేసింది, ఆ గుర్తింపు కోసం ఇప్పటికీ కొట్లాడుతూనే ఉన్నారు.

అట్లా వచ్చిన భూమికి స్టాన్‌ఫర్డ్ ఒక షరతు పెట్టాడు, ఈ భూమి అమ్మకూడదు అని. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూనివర్సిటీకి డబ్బు కావాల్సి వచ్చింది. భూమి చూస్తే బోలెడంత, అమ్మడానికేమో వీల్లేదు. అందుకని 1951లో ఇండస్ట్రియల్ పార్కు అని పెట్టి కంపెనీలకు ఏళ్ల తరబడి లీజుకిచ్చారు. మొదట వచ్చింది వేరియన్ అనే కంపెనీ. తర్వాత హెచ్‌పీ కూడా వచ్చింది. దీని వెనక కూడా టెర్మన్ సారే. సిలికాన్ వ్యాలీ అని మనం ఇవాళ పిలిచేదానికి పెద్ద దన్ను అదే. కంపెనీలు వచ్చాయి, పోయాయి, భూమి మాత్రం యూనివర్సిటీ చేతిలోనే ఉంది.

ఇది చదివినప్పుడు మాకు వెంటనే గుర్తొచ్చింది 1/70. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో చేసిన రెగ్యులేషన్‌ను 1970లో గట్టిచేశారు, అదే వన్ ఆఫ్ సెవెంటీ. దాని గురించి మనం ఏం వింటుంటాం? భూమి అమ్ముకోనివ్వకపోతే ఏజెన్సీ ఎప్పుడు బాగుపడుతుంది, పెట్టుబడి ఎట్లా వస్తుంది అని. మరి అమ్మకూడని భూమి మీదే కదా సిలికాన్ వ్యాలీ లేచింది! తేడా అంతా ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే. వాళ్లకు లీజు డబ్బు యూనివర్సిటీకి వచ్చింది. మనకు చట్టం కాగితం మీద ఉంది, సగం ఊళ్లలో బినామీ పేర్ల మీద భూమి పోయింది. షెడ్యూల్డ్ ఏరియా బయట తండాల్లో ఉన్న మన మిత్రులకైతే ఆ కాగితం కూడా లేదు.

సమత తీర్పు పేరు చాలామంది వినే ఉంటారు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద మొదలైన కేసు, 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తే, దానికి ప్రభుత్వ భూమిని సైతం లీజుకివ్వకూడదు అన్నది. ఆ ముక్క అందరికీ తెలుసు. తెలియనిది రెండో ముక్క. గిరిజనుల సహకార సంఘాలు గనులు నడుపుకోవచ్చు అన్నది కూడా ఆ తీర్పులో ఉంది. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు నిధిగా పెట్టాలన్న మాట కూడా ఉంది. అంటే మనోళ్లు వ్యాపారం చేయొద్దని చట్టం ఎక్కడా అనలేదు. మన తరంలో ఆ తీర్పు చదివిన ఇంజినీర్లు, ఎంబీఏలు ఎంతమంది?

ఇక చేతుల కథ.

1957లో షాక్లీ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసే ఎనిమిది మంది, ఆయన పెత్తనం భరించలేక బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. స్టార్టప్ క్లాసులో ఈ ఎనిమిది మందిని దేవుళ్లలా చెప్తారు. అందులో రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ 1968లో ఇంటెల్ పెట్టారు. యూజీన్ క్లీనర్ 1972లో వేరేవాళ్ల కంపెనీల్లో పెట్టుబడి పెట్టే సంస్థకు భాగస్వామి అయ్యాడు. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ ఫెయిర్‌చైల్డే 1965లో న్యూ మెక్సికో రాష్ట్రంలో నవాజో ఆదివాసుల ప్రాంతం షిప్‌రాక్‌లో చిప్పుల తయారీ మొదలుపెట్టిందన్నది మాత్రం క్లాసులో ఎవరూ చెప్పరు.

పనిచేసింది దాదాపు అందరూ నవాజో ఆడవాళ్లే. బాగా నడిచిన రోజుల్లో వెయ్యి మంది దాకా ఉన్నారు. అమెరికా మొత్తం మీద ప్రభుత్వం కాకుండా అంతమంది ఆదివాసులకు పనిచ్చిన సంస్థ ఇంకోటి లేదు. కంపెనీ ఎందుకొచ్చిందంటే కూలి తక్కువ, శిక్షణ ఖర్చు ప్రభుత్వం భరించింది. 1969లో కొత్త భవనం తెరిచినప్పుడు కంపెనీ ఒక పుస్తకం అచ్చేసింది. అందులో నవాజో తివాచీ బొమ్మనూ చిప్పునూ పోల్చి చూపించారు. తివాచీలు నేసే చేతులు కాబట్టి చిప్పులు కూడా సహజంగా చేస్తారు అని అర్థం. లీసా నకమురా అనే పరిశోధకురాలు 2014లో దీని మీద వివరంగా రాశారు. పొగడ్త లాగే ఉంటుంది కదా. కానీ మైక్రోస్కోపులో కళ్లు పెట్టి గంటలకొద్దీ చేసే నేర్చుకున్న పనిని పుట్టుకతో వచ్చిందంటే, నేర్చుకున్నదానికి జీతం పెంచాల్సిన పని ఉండదు, ఇంజినీరుగా ఎదగనివ్వాల్సిన పనీ ఉండదు. మన వార్లీ, డోక్రా, లంబాడీ కుట్టుపని గురించి మాట్లాడేటప్పుడు కూడా ఈ గొంతు చాలాసార్లు విన్నాం.

1975 ఫిబ్రవరిలో కంపెనీ 140 మందిని పనిలోంచి తీసేసింది. అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ కార్యకర్తలు ఆయుధాలతో ఫ్యాక్టరీని ఆక్రమించి వారం రోజులు ఉన్నారు. ఎవరి ప్రాణాలూ పోలేదు. ఆక్రమణ ముగిసింది, తర్వాత కొద్ది రోజులకే కంపెనీ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటించింది. ఉద్యమం వల్లే ఉద్యోగాలు పోయాయని అక్కడ కూడా కొందరు అన్నారు. మేం అట్లా అనుకోవడం లేదు. తీసివేతలు ఆక్రమణ కంటే ముందే మొదలయ్యాయి, పైగా ఇట్లాంటి పని అప్పటికే ఇంకా చవకగా దొరికే ఆసియా దేశాలకు పోతోంది. ఒకే కంపెనీ. కాలిఫోర్నియాలో దాన్ని వదిలిపోయినవాళ్లు కొత్త కంపెనీలకు యజమానులయ్యారు, షిప్‌రాక్‌లో అది వదిలేసినవాళ్లు ఇంటికి పోయారు. షిప్‌రాక్‌లో ఎవరి తెలివీ తక్కువ కాదు, కానీ వాళ్లకు వాటా లేదు, టెర్మన్ సారూ లేడు.

మరి మన సంగతి? డబ్బు విషయం ముందు చెప్పుకుందాం, ఎందుకంటే అందరూ అదే అడుగుతారు. 2016లో కేంద్రం స్టాండప్ ఇండియా అని పెట్టింది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా బ్యాంకు అప్పు అన్నారు. వినడానికి బాగుంటుంది. మార్జిన్ మనీ మొదట 25 శాతం అన్నారు, 2021 బడ్జెట్‌లో 15 శాతానికి తగ్గించారు. తగ్గించినా, 20 లక్షల యూనిట్‌కు మూడు లక్షల దాకా మార్జిన్ చూపించాల్సి వచ్చేది. లూసిల్ జీతం లాంటిదేదో ఇంట్లో ఉన్నోళ్లకు అది దారి అయ్యింది. ఇప్పపువ్వు, చింతపండు అమ్మి పిల్లల్ని చదివించే ఇంటికి ఆ మార్జినే అడ్డుగోడ అయ్యింది. అందుకని ఒక్కరే కాకుండా నలుగురైదుగురు సీనియర్లు, అందులో ఉద్యోగం ఉన్నవాళ్లు ఇద్దరైనా కలిసి మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. ఉద్యోగం వదిలి దూకెయ్యమని చెప్పే వీడియోలు చూసి మోసపోవద్దు, ప్యాకార్డ్ కూడా ఫెలోషిప్పు చేతికొచ్చాకే కదిలాడు.

నేర్చుకునే విషయానికొస్తే, మన దగ్గరే చేతికందే పని ఉంది. ఒకటి చెప్తాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన చేతిరాతల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకు ముందు ఏడాది మసరాం గోండి లిపికి దొరికింది. అంటే ఇవాళ ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆ అక్షరాలకు నంబర్లు ఉన్నాయి. కీబోర్డు, ఫాంటు, పిల్లల పాఠాల యాప్, అక్షరదోషాలు చూసే సాధనం, ఇవన్నీ బీటెక్ మూడో సంవత్సరం ప్రాజెక్టు స్థాయి పనులే. ఎవరో కొన్న మినీ ప్రాజెక్టును పేరు మార్చి పెట్టే బదులు ఇది చేస్తే, గైడ్ సారు ఏమన్నా, కొనేవాళ్లు దొరికినా దొరక్కపోయినా, వాడేవాళ్లు మాత్రం మన ఊళ్లోనే ఉంటారు. కోయ, కొండ, సవర, లంబాడీ మిత్రులు మీ భాషల సంగతి కింద రాయండి.

వచ్చే పోస్టులో జీసీసీ గురించి రాద్దామనుకుంటున్నాం. 1956లో షావుకార్ల తూకాల నుంచి, అప్పుల నుంచి కాపాడటానికి పెట్టిన గిరిజన సహకార సంస్థ ఇన్నేళ్లలో మనల్ని అమ్మేవాళ్లుగానే ఉంచిందా, భాగస్వాముల్ని చేసిందా అన్నది అందులో చూడాలి. మీ తాతలు, అమ్మమ్మలు డిపోలో తేనె, చింతపండు, కరక్కాయ వేసినప్పుడు ఇచ్చిన పాత రసీదులు ట్రంకు పెట్టెల్లో ఉంటే, ఈసారి పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఫొటో తీసి పెట్టుకోండి. ఏ సంవత్సరం, ఏ సంత, కిలోకు ఎంత అన్నది కనబడితే చాలు. పేర్లు, వేలిముద్రలు కనబడకుండా కప్పి పంపండి.