పేదవాని వంశావళి: ఐర్లండు దస్తావేజులు

కృతిపతి వంశవర్ణన లేని ప్రబంధం మనకు అరుదు. తాత ముత్తాతల దానధర్మాలు, గెలిచిన యుద్ధాలు పద్యాలలో నిలిచిపోయాయి. ఆ కృతిపతి పొలం దున్నినవాని తాత పేరు మాత్రం ఏ అవతారికలోనూ కనిపించదు. ఐర్లండులోనూ ఇదే కథ. అక్కడ గేలిక్ సర్దారుల కొలువులలో వంశావళులు భద్రపరచడమే వృత్తిగా తరతరాలు బ్రతికిన పండిత కుటుంబాలుండేవి. ఆ సర్దారుల వంశాన్ని వందల ఏళ్ళ వెనుకకు చెప్పవచ్చు. బంగాళాదుంప తిని బ్రతికిన కూలివాని వంశాన్ని రెండువందల ఏళ్ళు వెనుకకు తీసుకుపోవడమే గగనం.

ఐరిష్ కుటుంబ చరిత్రల అన్వేషణను గూర్చి ఇటీవల ఆన్‌లైన్‌లో జరిగిన ఒక సదస్సుకు హాజరయ్యాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి అక్కడేం పని అని మిత్రులొకరు ఎగతాళి చేశారు. వంశచరిత్ర ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అనే ప్రశ్న అన్ని భాషలవారికీ సంబంధించినదే గదా! సదస్సుకు వచ్చినవారిలో ఎక్కువమంది అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో స్థిరపడిన ఐరిష్ సంతతివారు. తమ ముత్తాత ఏ ఊరు విడిచి ఓడ ఎక్కాడో ఆ ఊరి పేరు వారికి కావాలి. దాన్ని అక్కడ టౌన్‌లాండ్ అంటారు. మన శివారు పల్లె వంటిది. అరవై వేలకు పైగా ఉన్నాయి. అది తెలియనిదే వెదుకులాట ముందుకు సాగదు.

1922 జూన్ 30 నాటి అగ్నికాండను తలచుకోని వక్త లేడు. అంతర్యుద్ధం మొదలైన రోజులలో డబ్లిన్ నగరంలోని ఫోర్ కోర్ట్స్ భవనాలలో పేలుడు జరిగి, పబ్లిక్ రికార్డు ఆఫీసు తగలబడిపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనాభా లెక్కల కాగితాలు, కొద్ది భాగం తప్ప, ఆ మంటలలో పోయాయి. ఈ నష్టం చిన్నది కాదు. నూరేళ్ళు గడిచాక, 2022లో, మిగిలిన నకళ్ళను ఇతర భాండాగారాలనుంచి పోగుచేసి ఆ రికార్డు ఆఫీసును ఇంటర్నెట్‌లో తిరిగి నిలబెట్టే ప్రయత్నం జరిగింది. అయితే నిప్పు మీదనే నేరమంతా మోపడం సరికాదు. 1861, 1871 లెక్కల కాగితాలను, అంకెలు కూడుకున్న తరువాత, ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుజ్జుగా మారాయి. సామ్రాజ్యానికి కావలసింది మొత్తాలు. మనుషుల పేర్లతో దానికి నిమిత్తం లేదు. దేశమంతటికీ పూర్తిగా దక్కిన పాతలెక్కలు 1901, 1911 సంవత్సరాలవి మాత్రమే. కాథలిక్కుల జననమరణాలు 1864 వరకు ప్రభుత్వ రిజిస్టరుకెక్కలేదు. పశ్చిమ ప్రాంతంలో అనేక చర్చి రిజిస్టర్లు 1820 దాటిన తరువాతనే మొదలవుతాయి.

మరి అంతకు ముందు సామాన్యుని పేరు ఎక్కడ దొరుకుతుంది? అతని వద్ద వసూలుకు వచ్చినవాని చిట్టాలో దొరుకుతుంది. 1823-1837 మధ్య తయారైన దశమభాగపు పుస్తకాలున్నాయి. కాథలిక్కు రైతు సైతం తనది కాని ప్రొటెస్టెంటు చర్చికి చెల్లించవలసిన పన్ను లెక్క అది. దాని తరువాత 1847-1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో జరిగిన భూమి, ఇళ్ళ మదింపు. టౌన్‌లాండ్ వారీగా సాగుదారు పేరు, అతనికి కౌలుకిచ్చినవాని పేరు, భూమి విస్తీర్ణం, పన్నుకు కట్టిన విలువ అందులో ఉంటాయి. ఈనాటి వారసులు తమ ముత్తాతలను గుర్తుపట్టేది పన్నుల గుమాస్తా చేతివ్రాతలోనే! గుంటెడు భూమి కూడా తన పేర లేక, మరొక రైతు చేలో పనిచేసిన కూలివాడు దశమభాగపు పుస్తకంలో లేడు. గ్రిఫిత్ మదింపులోనూ అటువంటివారు చాలామంది కనిపించరు. మన అడంగల్‌లో పాలేరు పేరు వెదికి చూడండి, సంగతి బోధపడుతుంది.

పన్ను లెక్క పేరును నిలబెట్టడమే కాదు, మనిషిని ఊరినుంచి చెరిపివేసింది కూడా. 1843 తరువాత, నాలుగు పౌన్లు, అంతకు తక్కువ విలువగల కమతాల పేదల పన్ను భూస్వామి మీద పడింది. కరువు వచ్చేసరికి ఆ భారం వదిలించుకునేందుకు భూస్వాములు చిన్న రైతులను బేదఖలు చేశారు. పావు ఎకరం మించి భూమి ఉంచుకున్నవానికి ప్రభుత్వ సహాయం లేదని 1847లో చట్టమే వచ్చింది. భూమి వదులుకో, లేదా ఆకలితో చావు అనడమే దాని భావం. 1841లో 81 లక్షలు దాటిన జనాభా 1851 నాటికి 65 లక్షలకు దిగింది. ఇంచుమించు పది లక్షలమంది చనిపోయారు. మరి అంతమంది దేశం విడిచారు. ఆనాటి సహాయకార్యక్రమం లండన్ ఖజానాలో ఎవరి చేతిలో ఉండెనో ఆ ఛార్లెస్ ట్రెవెల్యాన్, 1859లో మన జిల్లాలను కూడా ఏలిన మద్రాసు గవర్నరుగా వచ్చాడని ఇక్కడ చెప్పుకోవాలి.

గ్రిఫిత్ తరువాతి మార్పుల పుస్తకాలలో పాత పేరు కొట్టివేసి కొత్త పేరు వ్రాసేవారు. ఏ ఏటి మార్పుకు ఆ ఏటి రంగు సిరా. అడ్డగీత పడ్డ పేరు చచ్చినవానిదో, ఓడ ఎక్కినవానిదో, బేదఖలైనవానిదో పుస్తకం చెప్పదు. 1911 లెక్కలలో మాత్రం వివాహిత స్త్రీని ఎన్నేళ్ళ కాపురమనీ, కన్న బిడ్డలెందరనీ, బ్రతికున్నవారెందరనీ అడిగారు. ఆ చివరి రెండు అంకెల మధ్య తేడా ఏ పన్నుల చిట్టాకూ ఎక్కనిది.

పేదవాడు ఇచ్చుకోవలసినవానిగా గాక, అడిగేవానిగా కాగితానికెక్కిన సందర్భం ఒకటి ఉంది. డెబ్బై ఏళ్ళు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల వరకు పింఛను ఇచ్చే చట్టం 1908లో వచ్చింది. 1864కు ముందు పుట్టినవారికి జనన పత్రం ఎక్కడిది? అందుచేత ముసలివారు తమ తల్లిదండ్రుల పేర్లు, చిన్ననాటి టౌన్‌లాండ్ పేరు చెప్పి, 1841, 1851 లెక్కలలో తమను వెదకమని రికార్డు ఆఫీసుకు దరఖాస్తులు పంపారు. (1901, 1911 లెక్కలను పక్కన పెట్టి చూస్తే, పదేళ్ళ కాలంలో పదికి మించి వయసు పెరిగిన ముసలివారు అనేకులు! ఎవరు తప్పుపడతారు?) లెక్కల అసలు కాగితాలు 1922లో కాలిపోయాయి. ఈ దరఖాస్తు ఫారాలు వేల సంఖ్యలో దక్కాయి. పోయిన లెక్కల నుంచి ఎందరో పేదల వివరాలు ఈనాడు దొరికేది వీటిలోనే. కొన్నింటిపై గుమాస్తా ఆ ఇంటివారి వివరం ఎత్తి వ్రాశాడు. మరెన్నింటిపైనో ఆచూకీ దొరకలేదని వ్రాశాడు. ఆ దొరకని ఫారాలమీద సైతం తల్లి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఆ ముసలివారు చెప్పినవి చెప్పినట్లే ఉన్నాయి.