బ్రంచ్ అంటే ఏ పూట?

ఆదివారం పదకొండింటికి టిఫినూ భోజనమూ కలిపి కానిచ్చేసి, "ఇవాళ మా ఇంట్లో బ్రంచ్" అనడం మన పిల్లలకి అలవాటైపోయింది. పెద్ద హోటళ్ళ వాళ్ళయితే బోర్డులే పెడుతున్నారు. ఈ మాట ఎలా పుట్టిందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఇంగ్లీషులో పొద్దుటి ఫలహారం బ్రేక్‌ఫాస్టు, మధ్యాహ్న భోజనం లంచి. మొదటిదాని తలా, రెండోదాని తోకా తీసి అతికిస్తే బ్రంచ్! మన సంధుల్లో ఒక అక్షరం అటూ ఇటూ అయినా రెండు మాటలూ పోల్చుకునేలాగే ఉంటాయి. ఇది అలా కాదు, రెండు చీరలు చింపి ఒక పరికిణీ కుట్టినట్టు. లూయిస్ కరోల్ అనే రచయిత 1871లో వచ్చిన తన కథలో ఇలాంటి మాటల్ని 'పోర్ట్‌మాంటో'తో పోల్చాడు. అంటే రెండు అరలుగా తెరుచుకునే ప్రయాణపు పెట్టె. ఆ పేరే వీటికి స్థిరపడింది.

బ్రంచ్‌ని పత్రికకెక్కించినాయన గై బెరింజర్ అనే ఆంగ్లేయుడు. 1895లో 'హంటర్స్ వీక్లీ'లో దీనికోసం ఒక విన్నపమే రాశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆదివారం చర్చి నుంచి రాగానే మాంసాలతో బరువైన భోజనం చెయ్యడం ఆనవాయితీ. దాని బదులు మధ్యాహ్నం వేళకి టీ, కాఫీలతో మొదలుపెట్టి మెల్లిగా భోజనంలోకి దిగితే ఏం పోయిందంటాడాయన. పైగా శనివారం రాత్రి విందుల్లో తిరిగినవాళ్ళు ఆదివారం పెందరాళే లేవక్కర్లేదట! అదీ అసలు సంగతి.

మరుసటేడు 'పంచ్' అనే హాస్యపత్రిక దీన్ని పట్టుకుంది. రెండేళ్ళ కిందటే ఆక్స్‌ఫర్డులో ఒక తేడా చూపించారని రాసింది. ఫలహారం వేళకి దగ్గరగా తింటే బ్రంచ్, భోజనం వేళకి దగ్గరైతే 'బ్లంచ్'! ఆ లెక్కన ఈ మాట బెరింజర్ వ్యాసానికంటే ముందే కుర్రకారు నోళ్ళలో ఉందన్నమాట. పాపం, బ్లంచ్ నిలవలేదు. బ్రంచ్ మాత్రం సముద్రం దాటి అమెరికా హోటళ్ళలో పాతుకుపోయింది, నిఘంటువుల్లోకీ ఎక్కింది.

చూశారా, మాట పుట్టిందే ఆలస్యంగా లేచేవాళ్ళ కోసం. ఆ కాలపు ఇంగ్లీషు కలవారి ఇళ్ళలో పొద్దున్నే లేచి పొయ్యి రాజేసేది వంటమనిషీ, పనిపిల్లా. మన ఇళ్ళలో ఎవరో చెప్పక్కర్లేదు కదా! పేర్లు రెండూ కలిసి ఒకటయ్యాయి గాని, ఇడ్లీల కుక్కరూ పప్పు గిన్నే ఒకేసారి పొయ్యెక్కితే వండేవాళ్ళకి మిగిలిందేమిటి? అందుకే మా ఇంట్లో ఎవరైనా బ్రంచ్ అంటే, సాయంత్రం దాకా "తినడానికేముంది?" అని అడగమని మాట తీసుకున్నాకే నేను అగ్గిపుల్ల గీస్తాను.