పరాయి ముఠాలు – ప్రభుత్వ ముద్రలు: 1816 గుంటూరు పిండారీ దాడి నుంచి నేరస్థ తెగల చట్టం వరకు

వ్యాససంగ్రహం:
విదేశీ నేరముఠాలను ఉగ్రవాద సంస్థలుగా ప్రకటించడం నేటి ప్రపంచ రాజకీయాల్లో చర్చనీయాంశం. ఇది కొత్త సమస్య కాదు. 1816లో తెలుగు జిల్లాలపై జరిగిన పిండారీ దాడి, దానిపై కలకత్తా, లండన్ నగరాల్లో వచ్చిన రాజకీయ ప్రతిస్పందనలు, తర్వాతి శతాబ్దంలో నేరస్థ తెగల చట్టం అమలు – ఈ మూడింటినీ కలిపి పరిశీలించి, ప్రభుత్వ ముద్ర చివరికి ఎవరిమీద నిలిచిపోతుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పిండారీలు, గుంటూరు, దత్తమండలాలు, నేరస్థ తెగల చట్టం, ఎరుకల, యానాది, ఉగ్రవాద ముద్ర.

1. ఉపోద్ఘాతం:
2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం వెనెజువెలాలో పుట్టిన ట్రెన్ దె అరాగ్వా సహా ఎనిమిది లాటిన్ అమెరికా ముఠాలను విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. దీనిని సాకుగా తీసుకొని తమ సార్వభౌమత్వాన్ని అతిక్రమించరాదని మెక్సికో అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్ హెచ్చరించారు. అదే ఏడాది సెప్టెంబరు 29న కెనడా ప్రభుత్వం భారతదేశంలో పుట్టిన లారెన్స్ బిష్ణోయ్ ముఠాకు ఉగ్రవాద ముద్ర వేసింది. అక్కడి ప్రతిపక్షం, కొన్ని రాష్ట్రాల ప్రభుత్వాధినేతలు అంతకుముందే ఈ డిమాండు చేశారు. ఒకచోట ముద్రను ఆక్రమణకు తొలిమెట్టుగా అనుమానించారు. మరొకచోట ప్రజారక్షణకు అవసరమని కోరారు. ఈ రెండు వైఖరులకూ పూర్వరూపాలు తెలుగు నేల చరిత్రలో కనిపిస్తాయి.

2. గుంటూరు దాడి:
పిండారీలు ఒక కులం కాదు, ఒక మతం కాదు. మరాఠా సైన్యాల వెంట జీతం లేకుండా తిరుగుతూ దోపిడీ సొత్తుతో బతికిన గుర్రపుదళాలు అవి. హిందువులు, ముస్లిములు, కొలువు పోయిన సైనికులు వాటిలో ఉండేవారు. నర్మదా తీరంలో వారి స్థావరాలు ఉండేవి. సింధియా, హోల్కర్ ప్రభువుల నీడలో చీతూ, కరీంఖాన్, వాసిల్ మహమ్మద్ వంటి నాయకులు ఎదిగారు.

1816 మార్చిలో ఒక పెద్ద పిండారీ దళం నిజాం రాజ్యం దాటి మచిలీపట్నం, గుంటూరు జిల్లాల్లోకి చొరబడి, కడప సీమ అంచులను తాకి వెనుదిరిగింది. గుంటూరు పట్టణంలో ఇళ్లు దోచుకున్నా, ప్రభుత్వ ఖజానాను మాత్రం అక్కడి కొద్దిమంది సిపాయిలు కాపాడగలిగారు. పల్లెలకు ఆ రక్షణ లేదు. కంపెనీ విచారణలో తేలిన లెక్క ప్రకారం పన్నెండు రోజుల లోపే 339 గ్రామాలు దోపిడీకి గురయ్యాయి. 182 మంది చనిపోయారు. 505 మంది తీవ్రంగా గాయపడ్డారు. 3,603 మంది చిత్రహింసలు అనుభవించారు. దాచిన సొమ్ము జాడ చెప్పించడానికి వేడి బూడిద నింపిన సంచిని ముఖానికి కట్టడం వారి పద్ధతుల్లో ఒకటి. చచ్చినవారికంటే హింసకు గురైనవారు దాదాపు ఇరవై రెట్లు ఉండటం గమనించాలి. భయపెట్టడమే ఆ దోపిడీకి సాధనం. నేటి నిర్వచనాల ప్రకారం చూసినా ఇది ఉగ్రచర్యే. కనుక ముద్రను విమర్శించేటప్పుడు ఆ పల్లెల బాధను తక్కువ చేయడం చరిత్రకు న్యాయం కాదు.

3. కలకత్తా, లండన్ ప్రతిస్పందనలు:
గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ అప్పటికే పిండారీలపై యుద్ధం కోరుతున్నాడు. కానీ యుద్ధవ్యయానికి, మరాఠాలతో కలహానికి జంకిన డైరెక్టర్లు దూకుడు విధానాన్ని వారించారు. కలకత్తాలోని మండలి సభ్యుల్లోనూ కొందరు వెనుకాడారు. గుంటూరు వార్త ఈ వాదాన్ని మార్చివేసింది. కంపెనీ పాలనలోని రైతులే బాధితులు కావడంతో, చర్య తీసుకోవడానికి లండన్ నుంచి అనుమతి వచ్చింది; 1816 డిసెంబరు నాటికి కలకత్తా మండలి కూడా ఏకాభిప్రాయానికి వచ్చింది.

అయితే పిండారీలను ప్రభువు లేని దోపిడీగాళ్లుగా చూపిన ప్రకటన వారితోనే ఆగలేదు. వారికి ఆశ్రయమిచ్చినవారినీ, వారిని అణచడానికి కలిసిరానివారినీ శత్రువులుగా చూసే వీలు కల్పించింది. లక్షకు పైగా సైన్యం కదిలింది. 1817 నవంబరు 5న సింధియా గ్వాలియర్ ఒప్పందానికి తలవంచాడు. అదే రోజు ఖడ్కీలో పీష్వాతో యుద్ధం మొదలైంది. 1818 నాటికి పీష్వా పదవి రద్దయింది. దొంగల వేటగా మొదలైన పని ఒక సామ్రాజ్య విస్తరణగా ముగిసింది.

1819 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు హేస్టింగ్స్‌కూ సైన్యానికీ ధన్యవాద తీర్మానం చేసింది. దానిని ప్రతిపాదించిన జార్జ్ కానింగ్, ఆ ధన్యవాదం సైనిక ప్రతిభకే పరిమితమని, యుద్ధవిధానానికి ఆమోదంగా భావించరాదని జాగ్రత్తపడ్డాడు. ముద్ర అవసరాన్ని ఒప్పుకుంటూనే, దాని పేరుతో జరిగిన దానికి పూచీ పడటానికి వెనుకాడిన ఈ ధోరణి నేటి చర్చల్లోనూ కనిపిస్తుంది.

4. బేరమాడగలవారికి విముక్తి:
పిండారీ నాయకుల గతి వారి బలాన్ని బట్టి తేలింది. పిండారీలను పోషించిన అమీర్‌ఖాన్ ఒప్పందం చేసుకుని టోంకు నవాబయ్యాడు. కరీంఖాన్ లొంగిపోయి గోరఖ్‌పూర్ ప్రాంతంలో భూమి పొందాడు. వాసిల్ మహమ్మద్ గాజీపూర్‌లో విషం తాగి చనిపోయాడు. చీతూ అసీర్‌గఢ్ అడవుల్లో పులివాత పడ్డాడు. సైన్యమో, సంధికి తగిన బలమో ఉన్నవాడు ముద్ర నుంచి బయటపడ్డాడు. ఆ రెండూ లేని సంచార కుటుంబాల విషయంలో ఏం జరిగిందన్నది తర్వాతి ప్రశ్న.

5. సరిహద్దు సీమ – పుట్టుకతో వచ్చిన ముద్ర:
ఈ ప్రశ్నను ఎర్రమంచి పరిసరాల నుంచి చూస్తే స్పష్టత వస్తుంది. కియా కార్ల కర్మాగారం వల్ల నేడు అందరికీ తెలిసిన ఈ ఊరు పెనుకొండ మండలంలో, 44వ జాతీయ రహదారి పక్కన ఉంది. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఈ ప్రాంతం భాగం. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా బళ్లారి జిల్లా కింద ఉండేది. హిందూపురం నుంచి ఒక పూట నడిస్తే మైసూరు సంస్థానం. అంటే వేరే ప్రభుత్వం, వేరే పోలీసు. ఉప్పు, ధాన్యం, పశువులతో తిరిగే సంచారులకు ఆ గీత అడ్డు కాదు. తమిళసీమలో కొరవలుగా, కన్నడసీమలో కొరచ, కొరమలుగా, తెలుగునాట ఎరుకలగా పిలిచే సమూహాలు అన్నివైపులా ఉన్నాయి. ఏ ఊరికి ఆ ఊరిలో పరాయివారిగా కనిపించిన వీరిని వలసపాలనలోని పోలీసు రచనలు ఒకే నేరవర్గంగా కూర్చాయి. ఎఫ్.ఎస్. ముల్లాలీ 1892 నాటి పుస్తకం, పోలీసు అధికారి ఎం. పాపారావు నాయుడు 1905 నాటి పుస్తకం ఇందుకు నిదర్శనాలు.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. ప్రభుత్వ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే వీలును ఆ చట్టమే తొలగించింది. సభ్యత్వానికి ఆధారం చేసిన పని కాక, పుట్టుక అయింది. సాల్వేషన్ ఆర్మీ నడిపిన సీతానగరం, స్టూవర్టుపురం వంటి నిర్బంధ ఆవాసాలు 1913–14 ప్రాంతంలో వెలిశాయి. తర్వాతి కాలంలో యానాదులను కూడా ఈ చట్టం పరిధిలోకి తెచ్చారు.

6. తెలుగు నేల ప్రతిస్పందన:
నెల్లూరు కేంద్రంగా వెన్నెలకంటి రాఘవయ్య యానాదులను సంఘటితం చేసి ఈ చట్టం రద్దుకు పోరాడారు. 1936లో నెల్లూరుకు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ, ఒక సమూహం మొత్తాన్ని నేరస్థులుగా వర్గీకరించడం నాగరిక న్యాయసూత్రాలకు విరుద్ధమని ఖండించారు. మద్రాసు రాష్ట్రం 1947లో, కేంద్రం 1952 ఆగస్టు 31న చట్టాన్ని రద్దు చేశాయి. అయితే 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. చట్టంలో తెగ పేరు పోయినా, పోలీసు చూపులో అనుమానం మిగిలింది. ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథంలో మద్రాసు రాష్ట్రం కేంద్రంగా వివరంగా చర్చించారు.

7. ముగింపు:
పై పరిశీలనలో తేలిన అంశాలు:
• ముఠాల హింస వాస్తవం. గుంటూరు పల్లెల లెక్కలు దానికి సాక్ష్యం. ప్రభుత్వం స్పందించకపోవడం పరిష్కారం కాదు.
• ముద్రపై వచ్చే రాజకీయ ప్రతిస్పందనలు తరచు ముఠా గురించి కాక, ముద్ర వేసేవారి అధికార పరిధి గురించి ఉంటాయి. 1817లో సింధియా ముందున్న సమస్య, 2025లో మెక్సికో లేవనెత్తిన సమస్య ఈ విషయంలో పోలి ఉన్నాయి.
• ముద్రకు ఆధారం పుట్టుకగా మారినప్పుడు బలహీనులు తరతరాలు దానిని మోస్తారు. 2025 మార్చిలో అమెరికా 1798 నాటి పరదేశీ శత్రువుల చట్టాన్ని వెనెజువెలా వలసదారులపై ప్రయోగించినప్పుడు, ముఠా సభ్యత్వాన్ని ఎలా రుజువు చేశారన్నదే న్యాయస్థానాల్లో వివాదమైంది.

కాబట్టి ఏ ముద్రనైనా మూడు ప్రశ్నలతో పరీక్షించాలి: అది చేసిన పనికి పడిందా, పుట్టుకకా? దానిని ప్రశ్నించే చోటు ఉందా? దానిని తొలగించుకునే మార్గం ఉందా? 1911 చట్టంలో మొదటి రెండింటికీ జవాబు బాధితులకు ప్రతికూలం. మూడోదానికి జవాబు రావడానికి మద్రాసు రాష్ట్రంలో 36 ఏళ్లు పట్టింది. ఆ కాలంలో నిర్బంధ ఆవాసాల్లో పుట్టిన పిల్లలు ఏ ముఠాలోనూ చేరకముందే నేరస్థుల జాబితా నీడలో పెరిగారు. నేటి జాబితాలను అధ్యయనం చేసేవారు ఈ అనుభవాన్ని తమ పరిశోధనకు మొదటి ఆధారంగా తీసుకోవలసి ఉంది.