రెండు ఆటల రామస్వామి

ఆస్ట్రేలియాలో ఎండాకాలం క్రికెట్, చలికాలం వాళ్ళ తరహా ఫుట్‌బాల్ ఆడటం పరిపాటి. కీత్ మిల్లర్ అంతటి టెస్టు ఆటగాడు సెయింట్ కిల్డా జట్టుకు ఫుట్‌బాల్ కూడా ఆడాడు. బైరెడ్డిపల్లెలో మా మనవళ్ళు ఈ సంగతి వింతగా చెప్పుకుంటూ ఉంటే, అలాంటివాడు మన తెలుగువాళ్ళలోనూ ఉన్నాడురా అన్నాను. వాళ్ళు నమ్మలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆయన పేరు కోటా రామస్వామి. 1896 జూన్ 16న మద్రాసులో పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. తెల్లవాళ్ళ క్రికెట్ క్లబ్బులో మనవాళ్ళకు చోటు లేదని 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బు పెట్టిన పెద్దమనిషి. రామస్వామి తాతగారింటికి, అంటే తల్లి తరఫు వారికి దత్తు వెళ్ళడంతో ఇంటిపేరు కోటా అయింది. అప్పటికి మన చిత్తూరు సీమ కూడా మద్రాసు రాజధానిలోదే కాబట్టి ఆయన మనకు పరాయివాడు కాదు.

చదువుకు కేంబ్రిడ్జి వెళ్ళి అక్కడ టెన్నిస్‌లో పేరు తెచ్చుకున్నారు. 1922 డేవిస్ కప్‌లో డాక్టర్ ఫైజీతో జతకట్టి మన దేశం తరఫున డబుల్స్ ఆడారు. రుమేనియా మీద మనవాళ్ళు గెలిచారు.

తిరిగి వచ్చాక వ్యవసాయ శాఖలో ఉద్యోగం. మద్రాసుకు దూరంగా పోస్టింగులు పడితే ఆట ఏమవుతుందో సర్కారు కొలువు చేసిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మంచి వయసంతా అలా గడిచిపోయింది.

అయినా 1936లో ఇంగ్లండు వెళ్ళే జట్టులో చోటు దొరికింది. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్. జట్టులో సి.కె. నాయుడు కూడా ఉన్నారు. మాంచెస్టరు టెస్టులో రామస్వామి తొలిసారి దిగేనాటికి వయసు 40 ఏళ్ళు దాటింది! ఆ వయసులో మనలో చాలామంది మోకాళ్ళ నొప్పులకు తైలం వెతుక్కున్నాం. ఎడమచేతి బ్యాటుతో ఆయన 40, 60 పరుగులు చేశారు. ఆ టెస్టులోనే మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్టుకు 203 కొట్టారు కనుక, అందరూ వాళ్ళనే తలుచుకుంటారు. తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండు టెస్టుల్లో 170 పరుగులు, సగటు 56.66. మన దేశం మళ్ళీ టెస్టు ఆడింది 1946లోనే. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళు. ఆ సగటు అలాగే నిలిచిపోయింది.

1953లో వెస్టిండీస్ వెళ్ళిన మన జట్టుకు మేనేజరుగా ఉన్నారు. 1966లో తన ఆటల జీవితం మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. పుస్తకం పేరులోనే తనను ఆటల వ్యసనపరుడినని చెప్పుకున్నారు.

1985 అక్టోబరు 15న, 89 ఏళ్ళ వయసులో, మద్రాసు అడయారులోని ఇంటి నుంచి బయటికి వెళ్ళారు. ఇక తిరిగి రాలేదు. ఏమయ్యారో ఈనాటికీ తెలియదు. మనం బతికే ఉన్నామని ఏటేటా కాగితం మీద సంతకం పెట్టి ట్రెజరీకి ఇస్తాం. రామస్వామి గారు ఏ రోజున పోయారో రాసిపెట్టడానికి మాత్రం తేదీయే లేదు.