ఊరి చావడిలో దీపము - దాని వెచ్చము

పదిమంది కూడు చోట దీపము పెట్టుట పుణ్యమని మన పెద్దలు తలంచిరి. ఆ దీపము మఱునాడును వెలుగుటకు వెచ్చమెక్కడిదను ప్రశ్నను గూడ వారు మఱవలేదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయము మొదలగు చోట్ల శాసనములే యిందుకు సాక్ష్యము. అఖండదీపము పెట్టిన దాత ప్రమిద నిచ్చి ఊరకుండలేదు. గొర్రెలనో ఆవులనో సమర్పించి, వానిని బోయల కప్పగించి, దినమునకు మానెడు నేయి చొప్పున వారు తెచ్చి పోయవలెనని ఱాతిపై చెక్కించెను. దీపమునకు నేయి యెంత, నేతికి మంద యెంత యను లెక్క ఆ ఱాతిలోనే యిమిడి యున్నది.

ఊరి చావడికి పగటివేళ దీపముతో పనిలేకుండెను. మందమైన మట్టిగోడలు, ఎత్తైన కప్పు, ముందు వసారా, ఎదురెదురు ద్వారములు ఉన్నచోట గాలియు వెలుతురును వెల లేకయే వచ్చుచుండెను. రాత్రివేళ పురాణకాలక్షేపమునకు చదువువాని యొద్ద ఆముదపు దీపమొక్కటి చాలును. విను నూర్గురకు చీకటి అడ్డుగాదు. గ్రంథాలయోద్యమము ఈ స్థితిని మార్చెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడిన నాటనుండి ఊరూర పఠనమందిరములు వెలసెను. విను శ్రోత చదువు పాఠకుడయ్యెను. ప్రతి పాఠకునకును వెలుగు కావలసి వచ్చెను. పగలెల్ల పొలమున నుండువానికి చదువుకొను వేళ రాత్రియే. కావున దీపమారిన గ్రంథాలయము వానికి మూసిన గ్రంథాలయమే.

కిరసనాయిలు లాంతరు కొంత అక్కఱ తీర్చెను. 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ మంటపై తొడుగు వలవంటి మాంటిలును కనిపెట్టెను. మంటవేడికి ఆ వల తెల్లగా జ్వలించి వెలుగును పెంచును. దాని నాధారముగా గొని జర్మనీలో పుట్టిన పెట్రోమాక్సు దీపము మన సభలను, నాటకములను, పెండ్లిపందిళ్లను వెలిగించెను. నూనెను పెంచక వెలుగును పెంచుట యను విద్య అట్లు మన చావడికి వచ్చెను.

తరువాత విద్యుత్తు వచ్చెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ప్రారంభమయ్యెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి యేర్పడెను. మీట నొక్కిన వెలుగు వచ్చుట గొప్ప సౌఖ్యమే. కాని ఆ సౌఖ్యముతో పాటు ఒక అశ్రద్ధయు ప్రవేశించెను. పాత బల్బు తాను మ్రింగు శక్తిలో నూటికి అయిదు పాళ్లు మాత్రమే వెలుగుగా నిచ్చి, తక్కినదానిని వేడిగా వెడలగ్రక్కును. పలుచోట్ల బీరువాలు కిటికీల కడ్డముగా నిలిచెను. మిట్టమధ్యాహ్నమున దీపములు వెలిగెను. దాతలు గొట్టపుదీపముల నిచ్చి వాని గాజుమీదనే తమ పేళ్లు వ్రాయించుకొనిరి. పేరు వెలిగెను, వెలుగు తగ్గెను. నెలనెల వచ్చు బిల్లుపై మాత్రము ఏ దాత పేరును లేకుండెను. శాసనకాలపు దాతకును ఈ దాతకును భేదమిదియే.

నీలికాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెలు బహుమానము లభించెను. ఆ దీపమును మన దేశమున 2014లో ప్రభుత్వరంగ సంస్థ టోకున 310 రూపాయలకు కొనగా, 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగెను. వెయ్యి వాట్లు గంటసేపు వాడిన ఒక యూనిట్టు. 60 వాట్ల బల్బులు ఆఱు, రోజునకు నాలుగు గంటలు వెలిగిన, నెలకు 43 యూనిట్లగును. అంత వెలుగునే యిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములకు ఆఱున్నర యూనిట్లు చాలును. 75 వాట్ల పంకాలు నాలుగు, దినమునకు ఆఱు గంటలు తిరిగిన 54 యూనిట్లు. 30 వాట్ల క్రొత్తరకపు పంకాలకు 22 యూనిట్ల లోపే. వెరసి 97 యూనిట్ల చోట 28. వెనుకటి పెట్టె రెగ్యులేటరుతో పంకాను నెమ్మదింపజేసినను పెద్దగా ఆదా కాదు. తగ్గిన శక్తిలో చాలవఱకు ఆ పెట్టెలోనే వేడియై పోవును.

అన్నింటికంటె ముందు చూడవలసినది కప్పు. సిమెంటు రేకులు గాని బోడిమిద్దె గాని పగటి యెండను త్రాగి లోపలివారిపై క్రుమ్మరించును. తెల్లని సున్నపుపూత ఆ యెండను చాలవఱకు త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు మూలసూత్రమిదియే. కప్పు చల్లబడిన పంకా పని తగ్గును; బీరువాను కిటికీకి దూరముగా జరిపిన పగటి దీపము పని తప్పును. ఈ రెండవదానికి ఖర్చే లేదు.

సొంత ఇంటి దీపము నార్పువారు పదుగురున్నను, ఊరి దీపము నార్పువాడొక్కడు దొరకుట అరుదు. అందఱి సొమ్మునకు కాపరి లేకపోవుటయే ఇందుకు కారణము. మీటరు అంకెను నెలకొకమాఱు చిట్టాలో వ్రాసి, గోడపై అందఱికి కనబడునట్లు పెట్టిన ఆ కాపరి దొరకును. మిగిలిన ప్రతి రూపాయియు ఒక పత్రిక చందాయో, ఒక పుస్తకమో, మఱియొక గంట పఠనమో యగును. రజతోత్సవమున దీపదానము చేయదలచువారు దీపముతో కూడ దాని మంద నెవరు మేపుదురో తెలిపిన, ఆ దానము శాసనమునకు తగినదగును.